పది వేళ్ల కేకు

పెళ్లయి ఇరవై ఆరేళ్లయినా క్లోవిస్ గిడ్రీ ఒక్కసారి కూడా తప్పు చేయలేదు. ఇంతటి నిర్దోషితో కాపురం చేయడం ఎంత కష్టమో అతని భార్య ఎర్లీన్‌కి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. ఒకసారి బెనువా అనే స్నేహితుడి అంత్యక్రియలని చెప్పి, నల్ల బట్టలు కట్టించి, అరగంట కారు తోలి, తీరా వేరే శ్మశానానికి తీసుకెళ్లాడు. ముక్కూ మొహం తెలియని ముసలమ్మ శవపేటిక ముందు పావుగంట తల వంచుకుని నిలబడ్డాక ఎర్లీన్ చెవిలో విషయం ఊదితే, ఏమాత్రం తొణక్కుండా అన్నాడు: "మన బెనువా గాడి వాళ్లందర్నీ ఇక్కడే పూడ్చారు. వాణ్ణి ఇంకెక్కడో పూడ్చడమే తప్పు."

అలాంటి మనిషికి కంపెనీ ఏటేటా బహుమతులిచ్చిందంటే ఆశ్చర్యమేముంది? క్లోవిస్ మాగ్నోలియా బెండ్ కన్‌స్ట్రక్షన్‌లో ఫోర్‌మన్. లేక్ చార్లెస్ చుట్టుపక్కల నది పొడవునా లేస్తున్న గ్యాస్ ప్లాంట్లకి పైపులు బిగించే పద్నాలుగు మంది జట్టుకి పెద్ద. జట్టులో ఎవరికీ దెబ్బ తగలకుండా మూడు నెలలు గడిస్తే ఒక బహుమతి, ఆరు నెలలైతే ఇంకోటి. ఎర్లీన్ ఏ అల్మరా తలుపు తెరిచినా ఏదో ఒక ఫ్లాస్కు నెత్తిన పడుతుంది. గొడుగులు ఏడు, ఐసు పెట్టెలు నాలుగు, మడత కుర్చీలు లెక్కలేనన్ని. అన్నిటి మీదా కంపెనీ బొమ్మే: రెండు అరచేతులు, విప్పారిన పది వేళ్లు, కింద ఒక ముక్క, "పది వేళ్లతో వచ్చాం, పది వేళ్లతో ఇంటికెళ్దాం." కిందటేడు భద్రతకి బహుమతిగా కత్తుల సెట్టు ఇచ్చారు. అందులో ఒకటి మొదటి రోజే ఎర్లీన్ బొటనవేలు కోసింది. అది లెక్కలోకి రాలేదు. ఇంట్లో జరిగింది కదా.

ఇప్పుడు వస్తున్నది అన్నిటికన్నా పెద్దది. దెబ్బ తగలకుండా జట్టంతా కలిపి లక్ష పని గంటలు. చర్చి పక్కన హాల్లో విందు, జట్టుకి ఒక చెక్క పలక, తలా ఒక జాకెట్. లోపల దూది కుక్కి, వీపు మీద బంగారు దారంతో పది వేళ్లూ కుట్టిన దళసరి జాకెట్. ఆ ఊళ్లో చలికాలం మూడు వారాలు.

సోమవారం మధ్యాహ్నం కంపెనీ భద్రతాధికారి ఫోన్ చేశాడు. పేరు కిప్ ల్యాండ్రెత్. హ్యూస్టన్ నుంచి వచ్చిన కుర్రాడు, పళ్లు మరీ తెల్లగా ఉంటాయి.

"మిస్ ఎర్లీన్! మీ చేతి కేకు లేకపోతే అది పండగే కాదు. మన బొమ్మ ఉంది చూడండి, రెండు చేతులూ పది వేళ్లూ, అచ్చం అలా కావాలి."

"బల్ల అంత చేయాలి మరి."

"చేయండి! మీ ఇంటాయన జట్టు వల్లే కదా ఇదంతా. వాళ్లు ఉద్యోగులు కాదండీ, కుటుంబం!"

కుటుంబం అన్న మాట ఫోన్లో వినిపించిన ప్రతిసారీ ఎర్లీన్ పర్సు ఎక్కడుందో చూసుకుంటుంది. అయినా చేస్తానంది. కేకు చేయడం ఆమెకి ఇష్టం.

ఆ సాయంత్రం, సోమవారం కాబట్టి, ఊరి ఆనవాయితీ ప్రకారం ఎర్ర బీన్స్ అన్నం వండింది. క్లోవిస్ కంచం ముందు కూర్చున్నాక అడిగింది:

"నిన్న పరాన్ రాలేదేం?"

పరాన్ అంటే జ్ఞానతండ్రి, వాళ్ల కూతుర్ని జ్ఞానస్నానం నాడు ఎత్తుకుని నిలబడిన ఆల్సీడ్. క్లోవిస్ జట్టులో పైపు ఫిట్టర్, రెండు వీధుల అవతలే ఇల్లు. ఆదివారం భోజనానికి అతనూ భార్య నెడ్రా రాకుండా ఉండటం తుపానొస్తేనే.

"అలిసిపోయుంటాడు. ఆఫీసు పని."

ఎర్లీన్ గరిటె గాల్లోనే ఆగింది. "ఆల్సీడ్‌కి ఆఫీసు పనా? పుట్టినరోజు కార్డు మీద పేరు కూడా నెడ్రా చేతే రాయిస్తాడు!"

"కాగితాలు చింపే మెషీన్ దగ్గర కూర్చోబెట్టారు. తేలిక పని. చెయ్యి కాస్త నలిగింది."

"కాస్తంటే?"

"కాస్తంటే కాస్త. కంపెనీ మెడిక్ చూశాడు, పట్టీ వేశాడు. ఇంకో తొమ్మిది రోజులు ఓపిక పడితే లక్ష గంటలు. ఆ బీన్స్ ఇంకొంచెం వెయ్యి."

వేసింది. కానీ 'నలిగింది' అన్నప్పుడు అతను తన చేతి వంక చూసుకోవడం, చూసి బల్ల కింద పెట్టుకోవడం గమనించింది.

మర్నాడు సాయంత్రం గిన్నెడు గంబో పులుసు పట్టుకుని ఆల్సీడ్ ఇంటికి వెళ్లింది. నెడ్రా తలుపు తీసింది గానీ అడ్డం తొలగలేదు.

"పడుకున్నాడు, షా, నా తల్లీ. గిన్నె ఇటివ్వు, రేపు కడిగి పంపిస్తా."

"గిన్నె కోసం వచ్చానా? జరుగు."

లోపల అడుగు పెట్టగానే వాసన తగిలింది. పడవలో మర్చిపోయిన రొయ్యల పెట్టెని మూడు రోజుల ఎండ తర్వాత తెరిచినట్టు. ఆల్సీడ్ సోఫాలో కూర్చుని ఉన్నాడు, పడుకోలేదు. కుడి చెయ్యి తువ్వాలు కింద దాచుకున్నాడు. ఎర్లీన్ గంబో గిన్నె టీవీ మీద పెట్టి తువ్వాలు లాగేసింది.

చూపుడు వేలు వంకాయ రంగులో ఉంది, వంకాయంత లావూ ఉంది. చుట్టూ అంటుపట్టీలు తెల్లగా, ముచ్చటగా, పక్కపక్కనే వేసి ఉన్నాయి. వాటి సందుల్లోంచి పసుప్పచ్చగా ఊరుతోంది. మణికట్టు పైదాకా ఎర్రటి చార ఒకటి ఎగబాకింది. ఎర్లీన్ మొహం పక్కకి తిప్పుకుంది. ఆ పుండుని చూసి కాదు, అందంగా వేసిన ఆ పట్టీల్ని చూసి.

"ఎన్నాళ్లయింది?"

"గురువారం. ఇవాళ్టితో ఆరు రోజులు," అన్నాడు ఆల్సీడ్. "గొలుసుకి వేలాడుతున్న పైపు ఊగి, రెండు అంచుల మధ్యా వేలు పడింది. క్లోవిస్ పక్కనే ఉన్నాడు. వాడే గొలుసు లాగి విడిపించాడు."

"పక్కనే ఉన్నాడా?" అంది ఎర్లీన్ నెమ్మదిగా. "ఆస్పత్రికి ఎందుకు వెళ్లలేదు?"

"కుట్టు వేస్తే దెబ్బల పుస్తకంలో రాయాలి, ఎర్లీన్. డాక్టర్ చీటీ మీద పెద్ద మాత్ర ఇచ్చినా రాయాలి. ఒక్కరోజు పనికి రాకపోతే ఇంకా పెద్ద అక్షరాలతో రాయాలి. పట్టీ అతికించి రెండు తలనొప్పి మాత్రలిస్తే రాయక్కర్లేదు. అందుకే పొద్దున్నే నెడ్రా గేటు దగ్గర దింపుతుంది. కార్డు కొట్టి, లోపలికెళ్లి మెషీన్ దగ్గర కూర్చుంటా. ఎడం చేత్తో కాగితాలు తోస్తా."

"నీకు చెప్పిందెవరు, ఇలా ఉండమని?"

ఆల్సీడ్ తువ్వాలు మళ్లీ చేతి మీదికి లాక్కున్నాడు. నెడ్రా మాట్లాడింది. "మీ ఆయన అడిగాడు. మర్యాదగానే అడిగాడు. జట్టంతా రెండేళ్లుగా ఎదురుచూస్తోంది, కొన్నాళ్లు ఓర్చుకోగలవా అని. ఈయన ఆయనకి ఎన్నడైనా కాదన్నాడా?"

"జట్టు వాళ్ల తప్పేం లేదు," అన్నాడు ఆల్సీడ్. "డస్టీ గాడు రోజూ వచ్చి 'నా జాకెట్ ఎలా ఉంది ఇవాళ?' అని నా వేలి వంక చూస్తాడు. నవ్వులాటకే అంటాడులే. నా ఒక్కడి వల్ల పద్నాలుగు మందికి పోతే నేను మొహం ఎలా చూపించను?"

"నేను నవ్వడం లేదు, పరాన్. లే."

"ఎనిమిది రోజులే..."

"లే అన్నానా! లేకపోతే ఆ సోఫాతో సహా కారులో వేస్తాను."

ఆస్పత్రిలో డాక్టరమ్మ పట్టీలు విప్పుతూ, "ఎవరు వేశారివి?" అని అడిగింది. ముగ్గురూ గోడ వైపు చూశారు. ఆమె మళ్లీ అడగలేదు. మొదటి రోజే వచ్చుంటే వేలు దక్కేదని, ఇప్పుడు చెయ్యి దక్కితే చాలనుకోమని చెప్పి, రెండు గంటల తర్వాత చూపుడు వేలు మొదలంటా తీసేసింది.

ఎర్లీన్ క్లోవిస్‌కి ఫోన్లో సంగతి చెప్పి, బట్టలు తేవడానికి నెడ్రాని వాళ్లింటికి తీసుకెళ్లింది. అటూ ఇటూ కలిపి గంట పట్టింది. తిరిగొచ్చేసరికి ఆల్సీడ్ మంచం పక్కన డజను డోనట్ల పెట్టె, 'మా కుటుంబ సభ్యుడు త్వరగా కోలుకోవాలి' అన్న కార్డు ఉన్నాయి. క్లోవిస్, కిప్ వచ్చి వెళ్లారని నర్సు చెప్పింది. ఆల్సీడ్ మత్తులో ఉన్నాడు. ఎర్లీన్ ఒక డోనట్ తీసి కొరికింది. నిన్నటివి.

వాళ్లు ఎందుకొచ్చారో శనివారం తెలిసింది. కంపెనీ ఇంత చురుగ్గా ఏ పనీ చేయగా ఎర్లీన్ చూడలేదు. నెడ్రా ఒక ఉత్తరం పట్టుకుని వంటింటి తలుపు దగ్గరికొచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"చదువు, షా. నేను మూడుసార్లు చదివా. నాకే అర్థం కాలేదేమోనని."

గాయం ఇంటి దగ్గర, పడవని ట్రాలీ మీదికి ఎక్కిస్తుండగా తగిలినందున, వైద్యానికీ, కోలుకునే దాకా బతుకుతెరువుకీ, తర్వాత పాత పని చేయలేకపోతే దానికీ కంపెనీ బాధ్యత ఏమీ ఉండదు. ఆల్సీడ్ స్వయంగా సంతకం చేశాడు. గురువారం నాడు పనిచోట ఎవరికీ ఏ దెబ్బా తగల్లేదని ఫోర్‌మన్ ధ్రువపరిచాడు.

"మత్తులో ఎడం చేత్తో గీకించుకున్నారు," అంది నెడ్రా. "ఆ పడవ అమ్మేసి రెండేళ్లయింది! చూపుడు వేలు లేకుండా ఈయన రెంచి ఎలా పడతాడు? ఇంకెవరు పనిస్తారు? మీ ఆయన ఒక్క మాట చెప్తే చాలు, ఎర్లీన్. చూసింది ఆయనొక్కడే."

ఆ సాయంత్రం క్లోవిస్ బూట్లు విప్పకముందే ఎర్లీన్ ఉత్తరం అతని ఒళ్లో పడేసింది. అతను చదవలేదు. అందులో ఏముందో తెలిసినవాడిలా మడిచాడు.

"అది మాటల తేడా. విందు అయిపోనీ, కిప్ అంతా సర్దుతానన్నాడు."

"విందు అయ్యాక వేలు మొలుస్తుందా?"

"నీకు సైటు సంగతులు తెలియవు. ఆల్సీడే ఒప్పుకున్నాడు. నేనేమీ బలవంతం చేయలేదు."

"అవును, నువ్వు అడిగావంతే. నువ్వడిగితే వాడు కాదనడని తెలిసి అడిగావు."

"పద్నాలుగు మంది, ఎర్లీన్! రెండేళ్ల కష్టం! ఒక్కడి కోసం అందరి నోటి దగ్గర కూడు లాక్కోమంటావా?"

"కూడంటావా? జాకెట్టు! ఏది, ఆ కిటికీ తెరిచి చూడు, చెమట కారిపోతోంది జనానికి. వేలికి బదులు జాకెట్టు తెచ్చుకున్నావు, అదీ దూది జాకెట్టు!"

"నేను చేసిందాంట్లో తప్పేం లేదు," అన్నాడు క్లోవిస్ బూటు తాడు వైపు చూస్తూ. కానీ ఈసారి శ్మశానంలో అన్నట్టు అనలేకపోయాడు.

ఎర్లీన్ తర్వాత ఒక్క మాట కూడా అనలేదు. మాట అనకపోవడం ఆమె అలవాటు కాదు, అందుకని ఇల్లు వింతగా తయారైంది. క్లోవిస్‌కి కాఫీ పది వేళ్ల కప్పులో వచ్చేది. భోజనం పది వేళ్ల పళ్లెంలో, నీళ్లు పది వేళ్ల ఫ్లాస్కులో. కుర్చీ తీసేసి కంపెనీ మడత కుర్చీ వేసింది. వాన లేకపోయినా గుమ్మం దగ్గర కంపెనీ గొడుగు అందించేది. మూడో రోజు అతను కప్పుని తిప్పి, బొమ్మ గోడవైపు ఉండేలా పెట్టుకున్నాడు. ఎర్లీన్ పక్కనుంచి వెళుతూ దాన్ని మళ్లీ ఇటు తిప్పింది.

విందు రోజు పొద్దున్నే కేకు చేసింది. రెండు అరచేతులు, బల్ల అంత. వేళ్లు విడిగా కాల్చి అతికించింది. గోళ్లకి బాదం పలుకులు పెట్టింది. నిజాయితీగా పదీ కాల్చింది. ఆ తర్వాత కుడి చేతి చూపుడు వేలిని పక్కకి తీసి, అది ఉండాల్సిన చోట చక్కెర పూత నున్నగా రాసింది. పదో వేలిని కాఫీలో ముంచుకుని తినేసింది. బాగానే కుదిరింది.

హాల్లో జనం కిటకిటలాడారు. జంబలాయా అన్నం, బూదాఁ సాసేజీల వాసన, స్పీకర్లలో అకార్డియన్ పాట. ముందు బల్ల దగ్గర ముసలి యులీస్ కూర్చున్నాడు. నలభై ఏళ్లు బాయిలర్లు బాది బాది రెండు చెవులూ పోగొట్టుకున్న రిటైరైన మనిషి. కంపెనీ ప్రతి విందుకీ పిలుస్తుంది, ఫొటోకి బాగుంటాడని. అతనికి ప్రతి మాటా పక్కవాళ్లు చెవిలో అరిచి చెప్పాలి. నెడ్రా వద్దన్నా ఆల్సీడ్ వచ్చాడు. కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని జట్టు బల్ల చివర కూర్చున్నాడు. అతని పక్క కుర్చీ ఖాళీ. డస్టీ వచ్చి కూర్చోబోయి, ఆ కట్టు చూసి, మంచినీళ్లకని లేచి వెళ్లిపోయాడు.

కిప్ మైకులో అరగంట కుటుంబం గురించి మాట్లాడాడు. "ఒకరి కోసం అందరూ నిలబడటం అంటే ఇదీ!" అన్నాడు. చెక్క పలక క్లోవిస్ చేతికిచ్చాడు. ఫొటోలు తీశారు. తర్వాత జాకెట్లు పంచి, అందరూ ఒకేసారి తొడుక్కుని నిలబడాలన్నాడు.

హాల్లో ఎయిర్ కండిషనర్ అంతంతమాత్రం. పద్నాలుగు మంది చెమటలు కక్కుతూ జాకెట్లలోకి దూరారు. జిప్పులు సర్రున పైకి పోయాయి. ఒక్క జిప్పు మాత్రం పోలేదు. ఆల్సీడ్ ఎడం చేత్తో కింద కొస పట్టుకుని, కట్టున్న చేత్తో లాగబోయి, జారి, మళ్లీ పట్టుకుని, మళ్లీ జారి, చివరికి నవ్వు మొహం పెట్టి వదిలేశాడు. ఫొటోగ్రాఫరు, "చివరాయన! జిప్పు పెట్టుకోండి సార్!" అని అరిచాడు.

క్లోవిస్ పలక కుర్చీలో పెట్టి వెళ్లి అతని ముందు వంగాడు. చిన్నపిల్లాడికి పెట్టినట్టు జిప్పు పెట్టి గడ్డం దాకా లాగాడు. ఆల్సీడ్ నెమ్మదిగా, "థాంక్స్, పోద్నా," అన్నాడు. జతగాడా అని, ముప్ఫై ఏళ్లుగా వాళ్లిద్దరూ ఒకరినొకరు పిలుచుకునే పిలుపు. క్లోవిస్ నడుము నిటారు చేయడానికి చాలాసేపు పట్టింది.

"ఇప్పుడు కేకు!" అన్నాడు కిప్. నలుగురు దాన్ని మోసుకొచ్చి మధ్యలో పెట్టారు. చప్పట్లు మోగాయి. తర్వాత ఇక్కడొకటి అక్కడొకటి ఆగిపోయాయి. ముందు వరుసలో ఒక చిన్నది గట్టిగా లెక్కపెట్టింది: "...ఏడు, ఎనిమిది, తొమ్మిది. అమ్మా, తొమ్మిదే ఉన్నాయి."

కిప్ పళ్లన్నీ బయటపెట్టాడు. "మిస్ ఎర్లీన్! పిండి చాల్లేదా ఏంటి? మా లెక్క తప్పించారే!"

హాలంతా ఎర్లీన్ వైపు తిరిగింది. ఆమె క్లోవిస్ వైపు చూసింది. అతను కత్తి పట్టుకుని కేకు మీదికి వంగి ఉన్నాడు. నున్నగా చక్కెర పూసిన ఆ ఖాళీ చోటు సరిగ్గా అతని కత్తి కిందే ఉంది. దూది జాకెట్లో అతని మెడ మీంచి చెమట ధారలు కడుతోంది.

"పిండి చాలింది," అన్నాడు క్లోవిస్.

"ఏంటి?" అన్నాడు కిప్, ఇంకా నవ్వుతూనే.

క్లోవిస్ కత్తి పక్కన పెట్టాడు. జాకెట్ జిప్పు కిందికి లాగి, విప్పి, కేకు పక్కన పడేశాడు. "ఆవిడ లెక్క సరిగ్గానే ఉంది. ఆ కాగితం మీద నేను పెట్టిన సంతకమే..." కిప్ అతని నోటి దగ్గర పెట్టిన మైకు వెనక్కి లాక్కుని, అకార్డియన్ పాట పెట్టమని చేత్తో సైగ చేశాడు. క్లోవిస్ మైకు లేకుండానే మాట్లాడాడు, కానీ పక్కవాళ్లకే వినపడేంత. "ఆ దెబ్బ పడవ దగ్గర తగల్లేదు. ఆ గురువారం, మన సైట్లో, నా కళ్ల ముందు తగిలింది. ఆస్పత్రికి వెళ్లొద్దన్నది నేను. తప్పు చేశాను."

ముందు బల్ల దగ్గర యులీస్ చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఏమంటాడు? ఏమంటాడు వాడు?"

ఎవరూ చెప్పలేదు. డస్టీ జాకెట్ జిప్పు వైపు చూసుకుంటున్నాడు. నెడ్రా నోటికి చేతి రుమాలు అడ్డం పెట్టుకుంది. పాట మొదలైంది. ఎర్లీన్ నడిచి వెళ్లి స్పీకరు తీగ గోడలోంచి పీకింది.

"గట్టిగా చెప్పు క్లోవిస్," అంది. "ముసలాయనకి వినపడలేదట."

క్లోవిస్ ఆమెను చూశాడు. తర్వాత ఆల్సీడ్ వైపు తిరిగి, కిటికీ అద్దాలు అదిరేలా, ఇరవై ఆరేళ్లలో మొదటిసారి అరిచాడు.

"తప్పు చేశానన్నాను, యులీస్! నేనే! తప్పు నాదే!"